క్లిప్పులు వేయించే ముందు మా ఇంట్లో రాసుకున్న కాగితం

నేను విశాఖ స్టీల్ ప్లాంటులో, వైర్ రాడ్ మిల్లులో పనిచేస్తాను. ఎర్రగా కాలిన ఉక్కుని సాగదీసి చుట్టలు చుట్టడమే మా పని. మేం తీసే కడ్డీల్లో బాగా సన్నది 5.5 మిల్లీమీటర్లు. మా అమ్మాయి పళ్ళకి మొదటిసారి వేసిన తీగ మందం 0.35 మిల్లీమీటర్లు. అంత సన్నటి తీగ రెండేళ్ళపాటు మా ఇంటి తిండినీ, చదువునీ, పెళ్ళి ప్రయాణాల్నీ, చివరికి నా షిఫ్టుల్నీ తన చుట్టూ తిప్పుకుంది. ఆ తర్వాత అబ్బాయికీ వేయించాం. ఇప్పుడు కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా తెలిసినవాళ్ళ పిల్లల్లో ఎవరికి ఎత్తుపళ్ళున్నా ఫోను నాకే వస్తోంది. "ఎక్కడ వేయించారు? ఎంతయింది?" ఈ రెండే అడుగుతారు. మొదటిసారి నేనూ ఈ రెండే అడిగాను. అందుకే మొదటిసారి తప్పు చేశాను.

అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. పై వరస కాస్త ముందుకొచ్చి ఉండేది, ఒక కోరపన్ను చోటు లేక పైకెక్కి కూర్చుంది. ఊళ్ళో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను, పేరు అనవసరం. పిల్లని పెద్ద కుర్చీలో పడుకోబెట్టి, నోరు తెరిపించి, మొహం మీద లైటు వేసి, డాక్టరుగారు నాతో 20 నిమిషాలు మాట్లాడారు. మర్యాదగానే మాట్లాడారు. ఎక్స్‌రే చూపించారు. ఇంత ఖర్చు, ఇన్ని నెలలు, నాలుగు పళ్ళు తీయాలి అన్నారు. నేను తలూపాను. పిల్ల నోరు తెరుచుకునే ఉంది.

తిరిగొస్తుంటే ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర వెనక సీట్లోంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. బండి పక్కకి తీశాను. "నాలుగు పళ్ళు పీకేస్తారని నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అంది. నాకూ ఇప్పుడే తెలిసిందమ్మా అన్నాను. "మరి సరే అనేశావు కదా!"

నెల రోజులు మా ఇంట్లో పళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. తర్వాత మా ఆవిడ ఎవరినో కనుక్కుని సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆవిడ పిల్లని పడుకోబెట్టలేదు. మామూలు కుర్చీలో ఎదురుగా కూర్చోబెట్టి, చేతికి అద్దమిచ్చి, "నీ పళ్ళలో నీకు నచ్చనిదేంటో నువ్వే చూపించమ్మా" అన్నారు. ఎత్తుపళ్ళు చూపిస్తుందని మేమిద్దరం అనుకున్నాం. కోరపన్ను చూపించింది. నవ్వినప్పుడు పై పెదవి దాని మీద చిక్కుకుని ఫొటోల్లో మూతి ఒక పక్కకి పోతుందట. అందుకే రెండేళ్ళుగా స్కూలు గ్రూపు ఫొటోల్లో చెయ్యి అడ్డం పెట్టుకుంటోందట. మాకు తెలియదు. అలవాటేమో అనుకున్నాం.

డాక్టరమ్మ పిల్ల పళ్ళకి తీసిన ప్లాస్టర్ అచ్చుని తన చేతిలోనే పెట్టారు. ఈ పన్ను కిందికి దిగాలంటే చోటు కావాలి, చోటు ఎక్కణ్ణుంచి వస్తుందో నువ్వే వెతుకు అన్నారు. పళ్ళు తీయకుండా సర్దితే వరస మొత్తం ఇంకా ముందుకొస్తుందని అచ్చు మీద వేలుపెట్టి చూపించారు. చివరికి ఆవిడ కూడా నాలుగు పళ్ళే తీయాలన్నారు. సరిగ్గా అవే నాలుగు. ఈసారి పిల్ల ఏడవలేదు. "నాలుగూ ఒకేరోజు వద్దు, రెండుసార్లుగా తీస్తారా?" అని బేరమాడింది. తీశారు.

వైద్యం రెండు చోట్లా ఒకటే. పిల్లకి తేడా తెలిసింది, మాకు ఆలస్యంగా తెలిసింది. అబ్బాయి వంతు వచ్చేసరికి క్లినిక్‌కి బయల్దేరకముందే ఇంట్లో ఒక కాగితం రాసుకున్నాం.

ఆ కాగితం ఎలా రాయాలి

పాత పే స్లిప్పు వెనక రాశాం. ఒక్కటే నియమం: ఎవరిది వాళ్ళు రాయాలి, పక్కవాళ్ళది చూడకూడదు, రాశాక ఎవరూ ఎవర్నీ వెక్కిరించకూడదు. అబ్బాయికి అప్పుడు 12 ఏళ్ళు. వాడు మూడు రాశాడు. వాలీబాల్ మానను. క్లాసులో ఎవరికీ ముందే చెప్పకూడదు. సూది ఉంటే ముందురోజు చెప్పండి, వారం ముందు చెప్పకండి.

మూడోది చదివి నేను నవ్వబోయి ఆగాను. వాళ్ళక్కకి సరిగ్గా దీనికి ఎదురు. దానికి నెల ముందే తేదీతో సహా తెలియాలి. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరికే ఇంత తేడా ఉంటే, "పిల్లలకి ముందే అన్నీ చెప్పాలి" అని అందరికీ కలిపి సలహా ఇవ్వడం కుదరదు. ఎంత ముందు, ఎంత వివరంగా అన్నది కూడా వాళ్ళనే అడగాలి.

మా ఆవిడ రాసింది: మొదట చూసిన డాక్టరే చివరిదాకా చూడాలి. వెళ్ళిన ప్రతిసారీ గంటలు కూర్చోబెట్టకూడదు. వాడు అన్నం తినగలగాలి. నేను రాసింది డబ్బు గురించే, దాచడం దేనికి: మొత్తం ఎంతో ముందే చెప్పాలి, మధ్యలో పెరగకూడదు.

మా అమ్మది చీపురుపల్లి దగ్గర పల్లె. ఆవిడ చెప్పింది, నేను రాశాను: "గుంటడి నోట్లో ఇనపసామానేటిరా? పెద్దయితే అవే సర్దుకుంటాయి." పెద్దావిడ మాట అని కొట్టిపారేయకండి. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే 7 నుంచి 11 ఏళ్ళ మధ్య పై ముందు పళ్ళ నడుమ ఖాళీ, కాస్త అటూ ఇటూ వాలడం చాలామందికి ఉంటుంది. కోరపళ్ళు దిగాక ఆ ఖాళీ చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. మా అమ్మ చూసిన పిల్లలు అలాంటివాళ్ళే అయ్యుంటారు. మావాడి సమస్య అది కాదు, కింది దవడ వెనక్కి ఉంది. అది చూసి చెప్పాల్సింది డాక్టరు.

పిల్లల్ని అడిగేటప్పుడు "క్లిప్పులు వేయించుకుంటావా?" అని అడగొద్దు. ఎవరైనా వద్దనే అంటారు. చుట్టాల ముందు అసలే అడగొద్దు. బండి మీద వెళ్తున్నప్పుడో, బీచ్‌లో మురీ మిక్స్చర్ తింటున్నప్పుడో, మొహంలోకి చూడనక్కర్లేని చోట అడగండి. తినేటప్పుడు ఏమైనా ఇబ్బందా, మాట్లాడేటప్పుడా, ఫొటోలప్పుడా, ఎవరైనా ఏమైనా అన్నారా అని ఒక్కొక్కటే అడగండి. కొందరు "నాకేం ఇబ్బంది లేదు" అంటారు. అదీ రాయండి, నమ్మండి. అప్పుడు డాక్టరుని అడగాల్సిన ప్రశ్న మారుతుంది: ఇందులో ఆరోగ్యం కోసం ఎంత, అందం కోసం ఎంత?

ఇది అడగకూడని ప్రశ్నేం కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఖర్చుతో పిల్లలకి క్లిప్పులు వేయాలంటే ఐఓటీఎన్ అనే కొలత పెట్టుకున్నారు. పళ్ళ ఆరోగ్యానికి 1 నుంచి 5 దాకా మెట్లు, కనిపించే తీరుకి 1 నుంచి 10 దాకా ఫొటోలు. అక్కడ కొలిచి చెప్తున్నప్పుడు మన డాక్టరు మాటల్లోనైనా చెప్పొచ్చు కదా. మా డాక్టరమ్మ చెప్పారు: అబ్బాయిది ఆరోగ్యం పాలు ఎక్కువ, అమ్మాయిది సగం సగం.

ఏ వయసులో చూపించాలి

క్లిప్పులు వేయడానికి కాదుగానీ, ఒకసారి చూపించడానికి 7 ఏళ్ళు మంచి వయసని అమెరికాలో ఆర్థోడాంటిస్టుల, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టర్ల, సంఘం చెబుతుంది. చాలామందికి చూసి పంపించేస్తారు, అంతే. తొందర పడాల్సినవి కొన్నే. పై ముందు పళ్ళు బాగా బయటికుంటే పడినప్పుడు మొదట అవే విరుగుతాయి. నోరు మూసినప్పుడు పై పళ్ళు కింది పళ్ళకి లోపలివైపు పడుతుంటే చూపించాలి. కొత్త పళ్ళు వచ్చాక కూడా బొటనవేలు చీకుతుంటే చూపించాలి. 11 దాటుతున్నా పై కోరపన్ను జాడ చిగురు మీద వేలికి తగలకపోతే ఎక్స్‌రే తీయించాలి. రాత్రంతా నోటితో ఊపిరి పీల్చే పిల్లని పళ్ళ డాక్టరు కంటే ముందో, ఆయనతో పాటో చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాలి.

దవడకి సంబంధించిన పని పిల్లలు పొడుగు సాగే రోజుల్లోనే బాగా జరుగుతుంది. ఆడపిల్లలకి ఆ రోజులు మగపిల్లల కంటే రెండేళ్ళు ముందు వస్తాయి. మావాడికి 12లో మొదలుపెట్టింది అందుకే. వట్టి పళ్ళ వరసే అయితే అంత గాభరా అక్కర్లేదు, టెన్త్ పరీక్షలు అయ్యాక వేయించినా ఏమీ మునిగిపోదు.

డాక్టరుని ఎంచుకోవడం

పళ్ళ డాక్టరు చదువు బీడీఎస్ 5 ఏళ్ళు, ఆ పైన ఆర్థోలో ఎండీఎస్ 3 ఏళ్ళు చదివినవాళ్ళు ఆర్థోడాంటిస్టులు. బోర్డు మీద డిగ్రీ పక్కన ఏ సబ్జెక్టో ఉంటుంది, లేకపోతే అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళ దగ్గర రెండేళ్ళు ఎలా వేగుతాం?

మన చిన్న క్లినిక్‌లలో చాలావాటికి ఆర్థో డాక్టరు వారానికి రెండు రోజులో, నెలకి రెండు రోజులో వచ్చి చూస్తారు. తప్పేం లేదు. కానీ ఆయన రాని రోజు తీగ ఊడి బుగ్గకి గుచ్చుకుంటే ఎవరు చూస్తారో ముందే అడిగి పెట్టుకోండి. ఇదే ప్రశ్న ఇంకోలా కూడా పనికొస్తుంది. మేం అమ్మాయి కోసం స్టీల్ ప్లాంటు కాలనీ ఉక్కునగరం నుంచి సీతమ్మధారకి తొమ్మిది నెలలు తిరిగాక తెలిసింది, అదే డాక్టరమ్మ మంగళ, శుక్రవారాల సాయంత్రం గాజువాకలో ఇంకో చోట కూర్చుంటారని. మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అబ్బాయికి గాజువాకలోనే వేయించాం.

ఖర్చు బరువనిపిస్తే డెంటల్ కాలేజీలు ఉన్నాయి. రుషికొండ వైపు గీతం, సంగివలసలో అనిల్ నీరుకొండ. రెండు చోట్లా ఎండీఎస్ చదివే పీజీ డాక్టర్లు ప్రొఫెసర్ల చేతికింద వైద్యం చేస్తారు. బయటికంటే చవక. ఓపిక కావాలి, కుర్చీ మీద ఎక్కువసేపు పడుతుంది, గాజువాక వాళ్ళకి సంగివలస అంటే ఊరికి ఆ చివర. పీజీ చదువు మూడేళ్ళే కాబట్టి, మీ పిల్లల పని మధ్యలో ఉండగా ఆ డాక్టరు పాసై వెళ్ళిపోతారా, వెళ్తే ఎవరికి అప్పజెప్తారు అని అడగండి.

ఇవన్నీ అడిగాక నేను ఒక్కటి చూస్తాను. డాక్టరు మొదటి ఐదు నిమిషాలు ఎవరి మొహం చూసి మాట్లాడారు? నా మొహం చూసి మాట్లాడితే థాంక్స్ చెప్పి వచ్చేస్తాను. నాకు పళ్ళు బాగానే ఉన్నాయి.

డబ్బు, రోజులు

ప్యాకేజీ ఎంత అని కాదు, ప్యాకేజీలో ఏమేం లేవు అని అడగాలి. అమ్మాయికి మెటల్ క్లిప్పులకి 42 వేలన్నారు. పళ్ళు తీయడం వేరు, ఎక్స్‌రేలు వేరు, క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా పెట్టుకోమని చివర్లో ఇచ్చే రిటైనరు వేరు అని ఒక్కొక్కటీ తెలిసేసరికి 50 దాటింది. మోసమేం కాదు, నేను అడగలేదంతే. అబ్బాయప్పుడు అవన్నీ కాగితం మీద రాయించుకున్నాను: పళ్ళు తీయడం, పళ్ళన్నీ ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, తల పక్క నుంచి తీసే ఎక్స్‌రే, ఊడిన బ్రాకెట్ (తీగని పట్టుకోడానికి పన్ను మీద అతికించే చిన్న బిళ్ళ) మళ్ళీ అతికించడం, నోట్లో తీసి పెట్టుకునే ప్లేటు పారేసుకుంటే కొత్తది, రిటైనరు, ఊరు మారితే ఎంత వెనక్కి వస్తుంది. ఆఖరిది నేవీ వాళ్ళకీ, బ్యాంకు వాళ్ళకీ మరీ ముఖ్యం.

క్లిప్పుల బదులు పళ్ళకి తొడుక్కునే, పారదర్శకంగా ఉండే అలైనర్ల గురించి కూడా అడుగుతుంటారు. బాగానే పనిచేస్తాయి, కానీ ఖర్చు చాలా ఎక్కువ. రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. తీసి పెట్టుకునే వస్తువుని మీ పిల్ల 22 గంటలు పెట్టుకుంటుందా లేదా అన్నది డాక్టరుకి తెలియదు, మీకు తెలుసు.

రోజుల లెక్క నేను షిఫ్టుల్లో వేస్తాను. రెండేళ్ళ వైద్యం, ఐదు వారాలకి ఒకసారి అంటే 21 సార్లు. సీతమ్మధార వెళ్ళిరావడం, కూర్చోవడం, చేయించుకోవడం కలిపి మూడున్నర గంటలు. అన్నీ కలిపితే దాదాపు తొమ్మిది షిఫ్టులు. ఇందులో పిల్లలు పోగొట్టుకునే క్లాసులు కూడా ఉన్నాయి. క్లినిక్ ఇంటికి దగ్గరా అని చూస్తారు అందరూ, స్కూలుకి దగ్గరా అని చూడండి. శనివారం సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. నాకు పొద్దుటి షిఫ్టు పడిన వారంలో మధ్యాహ్నం రెండుకి దిగి, వాణ్ణి స్కూలు నుంచి తీసుకుని, నాలుగు గంటలకి మొదటి నంబరు మాదే అయ్యేలా చూసుకునేవాణ్ణి. బడి పోలేదు, గంటలు కూర్చోవడమూ లేదు.

పరీక్షలకి వారం ముందు క్లిప్పులు వేయించకండి, పళ్ళు తీయించకండి, తీగ మార్పించకండి. ఇంట్లో పెళ్ళి ఉన్నా అంతే. మేనత్త కూతురి పెళ్ళి నాలుగు రోజులుందనగా మా అమ్మాయికి తీగ మార్పించాను. విస్తరి ముందు కూర్చుని పెరుగన్నం తప్ప ఏమీ ముట్టుకోలేదు. ఆ మాట ఇప్పటికీ అంటుంది.

నొప్పి గురించి నిజం

"ఏం నొప్పి ఉండదులే" అనకండి. ఆ ఒక్క మాటతో తర్వాత మనం చెప్పే పదింటిని నమ్మరు. అలాగని "భరించాలి మరి" అనీ కాదు. వేళతో సహా చెప్పండి. అతికించేటప్పుడు నొప్పి ఉండదు, నోరు తెరిచి ఉంచలేక విసుగు మాత్రమే. ఇంటికొచ్చిన కొన్ని గంటలకి పళ్ళు బిగిసినట్టు మొదలవుతుంది. మర్నాడు బాగా ఎక్కువ. తర్వాత రోజురోజుకీ తగ్గి, వారం తిరిగేసరికి చాలావరకు పోతుంది. తీగ మార్చినప్పుడల్లా ఇదే వరస, కాస్త చిన్నదిగా. నొప్పి మాత్ర ఏది, ఎంత అని ఆ రోజే డాక్టరు చేత రాయించుకోండి. రాత్రి 11కి మెడికల్ షాపు వెతుక్కోనక్కర్లేదు.

ఎందుకు నొప్పి అంటే, పన్ను ఎముకలో మేకులా దిగి లేదు, చుట్టూ సన్నటి నారల పొరతో వేలాడుతోంది. తీగ నెట్టినవైపు ఎముక కరుగుతుంది, వదిలినవైపు కొత్త ఎముక కడుతుంది. అందుకే నెలలు పడుతుంది, తొందరపెడితే పన్నుకే చేటు. ఈ సంగతి అబ్బాయికి చెప్తే "అయితే నా నోట్లో కన్‌స్ట్రక్షన్ అన్నమాట" అన్నాడు.

మొదట వేసే తీగ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, వృత్తి అలాంటిది. అది స్టీలు కాదు, నికెల్, టైటానియం కలిసిన లోహం. నైటినాల్ అంటారు. అమెరికా నేవీ ఆయుధాల ల్యాబులో పుట్టింది. ఇంగ్లీషులో రాస్తే చివరి మూడక్షరాలు ఆ ల్యాబు పేరే. బాగా వంచినా తన పాత ఆకారానికి తిరిగొస్తుంది. వాటిలో ఒక రకం చల్లగా ఉంటే మెత్తగా లొంగి, నోటి వెచ్చదనానికి బిగుసుకుంటుంది. డాక్టరమ్మ ఒక ముక్క నా చేతికిచ్చారు. ముడిలా వంచి గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే తిన్నగా సాగింది. 20 ఏళ్ళుగా తీగల మధ్య బతుకుతున్నవాణ్ణి, నోరు తెరిచి చూశాను. నొప్పి పెట్టిన రోజున చల్లటి మజ్జిగ తాగితే హాయిగా ఉంటుందని అబ్బాయి అనేవాడు. అందులో కొంత ఈ తీగ గుణం కూడా ఉందేమోనని నా ఊహ.

బుగ్గ లోపల గీరుకుని పుండ్లు పడతాయి. మైనం ఇస్తారు, గుచ్చుకునే చోట చిన్న ఉండ చేసి అద్దాలి. ఒక డబ్బీ ఇంట్లో, ఒకటి స్కూలు బ్యాగులో. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే చాలు, పది రోజుల్లో బుగ్గ అలవాటు పడుతుంది.

తిండి జాబితా క్లినిక్‌లో ఇస్తారు. అందులో చాక్లెట్, పాప్‌కార్న్, బర్గర్ అని ఉంటుంది. మన పిల్లలు బ్రాకెట్ ఊడగొట్టుకునేది వాటితో కాదు. జంతికలు, చెక్కలు, చెరకు ముక్క, తేగలు, బీచ్‌లో కాల్చిన మొక్కజొన్న పొత్తు, పల్లీ అచ్చు, జాతరలో అమ్మే బెల్లం పాకం జీళ్ళు. జీడి ఒక్కటి చాలు, మూడు బ్రాకెట్లు తెస్తుంది. మావాడికి తెచ్చింది. జామకాయ ముక్కలు కోసి, పొత్తు గింజలు వలిచి ఉడకబెట్టి ఇవ్వొచ్చు. మాడుగుల హల్వా, తాటిముంజలు మాత్రం నిక్షేపంగా తినొచ్చు. తినకూడనివి చెప్పేటప్పుడు తినదగ్గవి కూడా పక్కనే చెప్పాలి, లేకపోతే పిల్లలకి అది జైలు జాబితాలా ఉంటుంది.

బ్రష్ సంగతి సూటిగా చెప్తాను. క్లిప్పుల చుట్టూ పాచి ఉండిపోతే, అవి తీశాక పన్ను మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి. పళ్ళు వరసగా వచ్చి మచ్చలు పడితే ఏం లాభం? ఫ్లోరైడ్ పేస్టు, తీగ కింద దూరే చిన్న బ్రష్, రాత్రి పడుకునే ముందు తప్పనిసరి.

స్కూల్లో

పేర్లు పెడతారు. వాల్తేరు వైపు చుట్టాలబ్బాయిని "రైలు పట్టాలు" అన్నారు. మావాణ్ణి "కేకే లైన్" అన్నారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సొరంగాలతో సహా నీ నోట్లోనే ఉందిరా అని. ఇలాంటివి మనం వెళ్ళి టీచరుకి చెప్తే ఇంకో నెల సాగుతాయి. వాడు కాగితంలో "ముందే చెప్పకూడదు" అని రాసింది ఇందుకే. సోమవారం వెళ్ళేసరికి ఉన్నట్టుండి ఉండాలి, చర్చ ఉండకూడదు. అందుకే శుక్రవారం సాయంత్రం వేయించాం, నొప్పి ఉన్న రెండు రోజులూ ఇంట్లోనే గడిచాయి. ఏడిపించడం వెక్కిరింత దాటి కొట్టుకునే దాకా వస్తే అప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలో వాణ్ణి అడిగి వెళ్ళాలి.

తీగని బ్రాకెట్‌కి పట్టి ఉంచే రబ్బరు రింగుల రంగు పిల్లలకే వదిలేయండి. ఒక్కటి చెప్పండి చాలు: కనిపించకూడదని తెల్లగా, గాజులా ఉండేవి పెట్టించుకుంటే మన పసుపుకీ, పులుసుకీ, ఆవకాయకీ మూడో రోజుకే పచ్చబడతాయి. మా అమ్మాయి ఒకసారి పెట్టించుకుని, నెలంతా నోరు మూసుకుని, తర్వాత బూడిదరంగుకి మారింది. అబ్బాయి ప్రతిసారీ రంగు మార్చేవాడు. ఆ నెలంతా వాడి ఇష్టప్రకారం జరిగింది అదొక్కటే అని తర్వాత అర్థమైంది.

వాలీబాల్ ఆపలేదు. పళ్ళకి రక్షణగా నోట్లో పెట్టుకునే గార్డు ఉంటుంది, అడిగితే ఇస్తారు. అడగాలి.

ప్లేటు ఎవరి చేతిలో ఉంది

అబ్బాయికి మొదట పది నెలలు ట్విన్ బ్లాక్ పెట్టారు. పైనొకటి, కిందొకటి, రెండు ప్లేట్లు. నోరు మూస్తే వాటి వాలు కింది దవడని ముందుకి తెస్తుంది. స్కాట్లాండ్‌లో విలియం క్లార్క్ అనే డాక్టరు 1977లో మొదలుపెట్టిన పద్ధతి. మొదటివారం మాట ముద్దగా వస్తుంది, స, శ పలకవు. రోజూ సాయంత్రం నానమ్మకి పేపరు పైకి చదివి వినిపించమన్నాం. నాలుగు రోజులకి నాలుక దారికొచ్చింది, నానమ్మకి వార్తలూ తెలిశాయి. "ఇనపసామాను" అనడం మానేసింది.

ఇది తీసి పెట్టుకునే వస్తువు. కాబట్టి వైద్యం డాక్టరు చేతిలో సగమే, మిగతా సగం పిల్లాడి చేతిలో. నేను మొదట పోలీసు పని చేశాను. పెట్టావా, తీశావా, నోరు చూపించు. నేను మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళగానే అది డబ్బీలోకి వెళ్ళేది. మూడో నెలలో డాక్టరమ్మ కొలిచి, దవడ ఏమీ కదల్లేదని, తిట్టకుండా, వాడికే స్కేలు ఇచ్చి "వచ్చే నెల నువ్వే కొలిచి చెప్పు" అన్నారు. బాత్రూం అద్దం పక్కన ఒక చీటీ అతికించుకుని, ఆదివారం ఆదివారం వాడే కొలుచుకున్నాడు. పై ముందు పళ్ళకీ కింది వాటికీ మధ్య ఎడం తొమ్మిది మిల్లీమీటర్లు, ఎనిమిదిన్నర, ఎనిమిది. నేను అడగడం మానేశాను. చీటీ చూసేవాణ్ణి, అదీ వాడు లేనప్పుడు.

ఒకసారి పోయింది కూడా. స్కూల్లో భోజనానికి తీసి టిష్యూలో చుట్టి పక్కన పెట్టాడు, ఎవరో ఊడ్చి పారేశారు. కొత్తదానికి డబ్బు, పది రోజుల ఆలస్యం. టిష్యూలో, చేతిరుమాల్లో, చొక్కా జేబులో పెట్టనే కూడదు. డబ్బీలో, లేదా నోట్లో.

తీసేశాక

క్లిప్పులు తీసిన రోజు అందరూ పని అయిపోయిందనుకుంటారు. పిల్లలు అద్దం ముందు నుంచి కదలరు, మనం చివరి వాయిదా కట్టేసి ఊపిరి పీల్చుకుంటాం. పళ్ళు మాత్రం పాత చోటికి బయల్దేరతాయి. చుట్టూ ఉన్న నారలు సర్దుకోవడానికి నెలలు పడుతుంది, వయసుతో కూడా పళ్ళు కదులుతూనే ఉంటాయి. రిటైనరు మొదట్లో డాక్టరు చెప్పినన్ని గంటలు, తర్వాత రాత్రిపూట, ఏళ్ళ తరబడి. ఈ మాట మొదటిరోజే, క్లిప్పులు వేయకముందే పిల్లలకి చెప్పించండి. చివర్లో చెప్తే మోసపోయామనుకుంటారు. మా అమ్మాయి అలాగే అనుకుంది.

ఇప్పుడు తను కాకినాడలో ఇంజనీరింగు రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటోంది. దసరాకి ముందు ఫోను చేసి, "నాన్నా, రిటైనరు గీజరు నీళ్ళతో కడిగాను, వంకరపోయింది" అంది. పలచటి ప్లాస్టిక్‌ది వేడినీళ్ళకి ఆకారం మారిపోతుంది, చన్నీళ్ళతోనే కడగాలి. వంకరపోయినదాన్ని బలవంతంగా పెట్టుకోకూడదు, అలాగని సెలవులొచ్చాక చూద్దాంలే అని వదిలేయకూడదు. ఆ శుక్రవారమే రాత్రి బండికి రమ్మన్నాను. శనివారం అచ్చు తీసుకుని, వారంలో కొత్తది ఇచ్చారు. అప్పటికే కోరపన్ను రవ్వంత పైకి కదిలిందట. కొత్తది బిగువుగా ఉంది, నాలుగు రోజులకి సర్దుకుంది.

అబ్బాయికి పోయిన నెలే తీశారు. వాడి రిటైనరు డబ్బీ ఎర్రటిది, మూత మీద మార్కరుతో పెద్దక్షరాలతో రాసుకున్నాడు: "ఇది చెత్త కాదు."